అక్క ఫోనులో నా ఆచూకీ

ఆ రోజుల్లో జనగామలో సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేస్తున్నానంటే మా చుట్టాల లెక్కలో నేనొక ఇంజినీరును. ఎవరు కొత్త ఫోను కొన్నా ముందు నా చేతికే వచ్చేది. వాళ్లకు మెయిల్ ఐడి ఉండదు, కొత్తది చేసిచ్చే ఓపిక నాకుండదు. అందుకని అందరి ఫోన్లలోనూ నా ఐడే వేసి పంపేవాణ్ని. (నవ్వకండి, మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో ఎవరి ఐడి ఉందో ఒకసారి చూడండి.) దాంతో మా పెద్దబాపు తీసిన బర్రెల ఫోటోలన్నీ నా ఫోనులోకి వచ్చిపడేవి. అంతకుమించి నష్టమేముంటుందిలే అనుకున్నాను. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాపురముంటున్న మా అక్కకు కూడా అచ్చం నా ఫోనులాంటిదే కొని, అదే ఐడి వేసిచ్చాను.

అక్క తొలికాన్పుకు మహబూబాబాద్ పక్కనున్న మా ఊరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడోరోజు పోయింది. అక్క ఇంకా దవాఖాన మంచం మీద ఉండగానే నాయిన, బావ, నేను పోయి పాతిపెట్టి వచ్చాం. పసిబిడ్డను పాతిన చోటు తల్లికి చెప్పకూడదని, చెబితే మళ్లీ కడుపు నిలవదని మా ఇంట్లో ఒక పట్టింపు. అక్క అందరినీ అడిగింది. చివరికి నా చేయి పట్టుకుని, "జర చెప్పు తమ్మీ, నేనెవ్వలకు చెప్ప" అంది. నేను తల వంచుకుని ఛార్జర్ వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పట్టింపు మీద నమ్మకముండి కాదు, నాయినతో తిట్లు తినాల్సి వస్తుందని. నా పిరికితనానికి అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

ఆరు నెలలు తిరిగాక బావ ఫోను చేశాడు. "బామ్మర్దీ, మీ అక్క నెలకోపాలి తల్లిగారింటికని చెప్పి పోతున్నది. మీ అమ్మనడిగితే రానేలేదంటున్నది. ఇయ్యాల గూడ పోయింది. ఏందిది?" గొంతులో అనుమానం తెలుస్తూనే ఉంది. ఆ ఒక్క మాట ఊళ్లో పాకితే అక్క కాపురం ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసి కూడా, నా తెలివి చూపించుకునే అవకాశం దొరికిందని సంబరపడ్డాను. "ఒక్క నిమిషం బావా!" అని అక్క ఫోను ఎక్కడుందో నా ఫోనులో వెతికాను. మ్యాపు మీద చుక్క కనబడింది. "జనగామలనే ఉన్నది బావా! మా షాపు ముంగటనే!" అని అరిచి రోడ్డు మీదికి ఉరికాను. ఎండలో ఆ చివరికీ ఈ చివరికీ రెండుసార్లు తిరిగాను. మా సేటు బయటికొచ్చి, "ఎవల కోసం దేవులాడుతున్నవ్ రా?" అన్నాడు. అప్పుడు వెలిగింది, ఆ చుక్క నేనేనని. రెండు ఫోన్లదీ ఒకటే పేరు, ఒకటే ఐడి మరి.

రెండో చుక్క మహబూబాబాద్ వైపు కదులుతోంది. బావ బండి మీద బయలుదేరాడు, నేను రైలెక్కాను. దారిపొడవునా ఫోనులో అతనికి దారి చెబుతూ ఒకసారి వరిపొలంలోకి, ఒకసారి కోళ్లఫారంలోకి పంపాను. నేను స్టేషన్లో దిగేసరికి బావ మోకాళ్లదాకా బురదతో నిలబడి ఉన్నాడు. "దొరకనీ, ఇయ్యాల తేల్చుకుంట" అన్నాడు. ఇద్దరం ఒకే బండి మీద చుక్క వెంట పోయాం. చుక్క మా ఊరి పొలిమేర దాటి వాగు దగ్గర ఆగిపోయి ఉంది. వాగు కనబడగానే బావ బండి నెమ్మది చేశాడు. ఆ చోటు మా ఇద్దరికీ తెలుసు.

మోదుగు చెట్టు కింద, చెప్పులు దూరంగా విడిచి, అక్క నేల మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. తేల్చుకుంటానన్న బావ బండి దిగి, చెప్పులు విడిచి దగ్గరికి పోయాడు. "ఈడ... నీకెట్ల ఎరుకైంది?" అన్నాడు.

"మీరెవ్వలు చెప్పకపోతిరి. వీని ఫోన్ చెప్పింది" అంది అక్క. తన ఫోనులో మ్యాపు తెరిచి చూపించింది. నేను ఏ తారీఖున ఎక్కడెక్కడ తిరిగానో అంతా వరసగా ఉంది. పనికి పోయానని చెప్పి చూసిన మ్యాట్నీలు, ఆడపిల్లల కాలేజీ ముందు నిలబడ్డ సాయంత్రాలు, అన్నీ. (ఆమెను నేను వెతుకుతున్నాననుకున్నాను గానీ ఆరు నెలలుగా నా గుట్టంతా ఆమె ఒళ్లోనే ఉంది.) ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని కంపెనీకి తెలిసిన చోటు కన్నతల్లికి తెలియకూడదని మేం ముగ్గురు మగవాళ్లం కట్టడి చేశాం. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది.

అక్క బిడ్డను పాతిన రోజు తారీఖు నొక్కింది. "వాగు కాడ ఇరవై నిమిషాలున్నరు. కల్లు మండువ కాడ రెండు గంటలు" అని చదివి, నా మొహంలోకి చూసింది. "ఇరవై నిమిషాలల్లనే అయిపోయిందా తమ్మీ?"

బావ ఆ బురద కాళ్లతోనే ఆమె పక్కన కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

బయలుదేరేటప్పుడు, ఏదో ఒకటి సరిచేయాలనిపించి, "అక్కా, నా ఐడి తీసేసి నీ పేరు మీద కొత్తది చేసిస్త" అన్నాను.

"తీస్తే ఆ తారీఖు పోతదా?"

"నీ ఫోన్లనుంచి పోతది."

"అయితే ఉండనీ. పిల్లకు పేరు పెట్టలే, ఫోటువ తియ్యలే. గదొక్కటే ఉన్నది."

తీయలేదు. అక్క ఫోన్లు మార్చినా నా ఐడే వేసిస్తున్నాను. ఇప్పుడు నాకు సొంత దుకాణముంది, కొన్నవాళ్లందరికీ ఎవరి ఐడి వాళ్లకే చేసిస్తాను. పెళ్లయి, నెత్తిన సగం జుట్టు పోయినా నేనెక్కడ తిరిగేదీ మా అక్క చూడొచ్చు. అందరి ఆచూకీ తన చేతిలో ఉందనుకుని రోడ్డు మీద తనను తానే వెతుక్కున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఊరికి పోయినప్పుడల్లా ఫోను జేబులో పెట్టుకుని వాగు దగ్గరికి వెళ్తాను. అక్క చూస్తుందిలే అని, గంటకు తక్కువ కాకుండా కూర్చుంటాను.