రత్నం అమర్చిన మూడు మీటర్లు

జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు గీదం దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి దంతెవాడ మీదుగా బచేలి, కిరండూల్ గనులకు పోతుంది, రెండోది బీజాపూర్ వైపు. ఆ చీలిక దగ్గర, టైర్లకు గాలి కొట్టే కొట్టుకీ పకోడీల బండికీ మధ్య ఒక రేకుల షెడ్డు ఉండేది. పైన పలక మీద హిందీలో ‘మీటర్ రిపేర్’ అని రెండే మాటలు. లోపల బల్ల ముందు, కళ్లజోడు ముక్కు చివరకు జార్చుకుని కూర్చునే మనిషి రత్నం. ఎనభైల మొదట్లో నేను గీదం రైల్వే స్టేషన్లో బుకింగ్ క్లర్కుని. ఆమె భర్త నీలకంఠం అక్కడే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అలా వాళ్లింటికి రాకపోకలుండేవి.

రత్నం తండ్రి భూషణం వాల్తేరు డీజిల్ షెడ్డులో మీటర్లు బాగుచేసే ఫిట్టరు. పనికిరావని పారేసిన మీటర్లను ఇంటికి తెచ్చి కూతురి ముందు పోసేవాడట. మిగతా పిల్లలు గవ్వలాడుకుంటుంటే ఈవిడ ముల్లు ఊడదీసి, స్ప్రింగు సాగదీసి, మళ్లీ బిగించేది. పెళ్లయి బస్తర్ వచ్చాక ఆ విద్య వంటింట్లో ఉండిపోయింది. ఒకరోజు స్టేషను బయట ఒక పంజాబీ లారీ డ్రైవరు, స్పీడు మీటరు పనిచేయడం లేదని తల పట్టుకుని కూర్చున్నాడు. నీలకంఠం ఊరుకోకుండా “మా ఇంటిది చూస్తుంది” అన్నాడు. డ్రైవరు నవ్వాడు. రత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చి, పప్పు ఉడికేలోపు ఆ మీటరు బాగుచేసి ఇచ్చింది. తర్వాత కొన్నేళ్లకి షెడ్డు వేసుకుంది. “ఆడమనిషి స్పానరు పట్టుకుందేటి” అన్న రైల్వే కాలనీ ఆడవాళ్లు కూడా మెల్లగా తమ ఇస్త్రీపెట్టెలు పట్టుకుని వచ్చేవారు. మీటర్ల పని తప్ప ఏదీ ముట్టనని వాటిని తిప్పి పంపేసేది.

ఆ షెడ్డు ముందుకి ఒక సాయంత్రం ఎర్రటి కారొకటి వచ్చి ఆగింది. ఇద్దరే కూర్చునే కారు. ఎంత పొట్టిదంటే పక్కన నిలబడితే దాని పైకప్పు గుడ్డ నా నడుం దాకా వచ్చింది. పకోడీల బండి చుట్టూ ఉన్న జనమంతా ఇటు వచ్చేశారు. కారులోంచి దిగిన మనిషి కాశయ్య. బీజాపూర్ అవతల ఉసూర్ దగ్గర దోర్ల తెగ రైతుల బిడ్డ, బచేలి గనిలో డంపర్ నడిపేవాడు. ఇంటి ఎత్తు డంపర్ మీద కూర్చుని ఎర్రరాయి మోసే ఆ మనిషికి, నేలను రాసుకుంటూ పోయే ఈ కారు మీద మనసెందుకు పడిందో ఎవరికీ అర్థం కాలేదు. జగదల్‌పూర్లో ఒక కాంట్రాక్టరు పెరట్లో మామిడిచెట్టు కింద ఏళ్ల తరబడి పడి ఉంటే, పాత ఇనుము కింద తూకానికి అమ్మేయబోతుండగా ఇతను అడ్డం పడి తెచ్చుకున్నాడు. ఇంజను తానే విప్పి బిగించుకున్నాడు.

“అక్కా, దీని ముందల స్పీడు మీటరుంది, పెట్రోలు మీటరుంది. లోపల ఏమైతాందో చెప్పేది ఒక్కటి లేదు,” అన్నాడు కాశయ్య. “డంపర్ల గుండె, నెత్తురు అన్నీ కనబడ్తయి. దీంట్ల నేను గుడ్డోని లెక్క పోతన్న.”

“ఏటేటి కావాలి?”

“ఆయిల్ ఒత్తిడి తెల్వాలె. నీళ్ల వేడి తెల్వాలె. కరెంటు బ్యాటరీకి పోతాందో, బ్యాటరీ నుంచి వస్తాందో తెల్వాలె.”

గనుల టౌన్‌షిప్ క్లబ్బు వాళ్లు జనవరి ఇరవయ్యారున కొండ మీదికి కార్ల పందెం పెట్టారు. బచేలి నుంచి పైకి, మలుపుల ఘాట్ రోడ్డు. బండికి డ్రైవరు, తోడుగా ఒక మనిషి. అందులో దిగాలని అతని కోరిక. డంపర్ల నుంచి ఊడిన పాత మీటర్లు తెస్తానన్నాడు. రత్నం తల అడ్డంగా ఊపింది.

“కంపెనీ సామాను నా బల్ల మీద పెట్టకు, బాబూ. అయినా డంపరు మీటరు ఇరవై నాలుగు ఓల్టులది. నీ కారు పన్నెండు. అది దీనికి నిజం చెప్పదు.”

ఆమె గీదం చుట్టుపక్కల పాత ట్రాక్టర్ల వెంట పడింది. ట్రాక్టరు ఆయిల్, వేడి మీటర్లకి కరెంటుతో పనిలేదు. సన్న రాగి గొట్టం గుండా ఇంజనులోని ఆయిలే మీటరు వెనక్కి వచ్చి ముల్లుని తోస్తుంది. వేడి మీటరుకైతే చివర ఒక ఇత్తడి గుండు ఉంటుంది, దాన్ని నీళ్లలో ఉంచాలి. ఆ గుండు నిజం చెబుతోందో లేదో చూడటానికి టీ కాచే గిన్నెలో మరిగే నీళ్లు పోసి అందులో ముంచింది. ముల్లు ఎక్కడ ఆగిందో అక్కడ అద్దం మీద గోళ్ల రంగుతో ఎర్రచుక్క పెట్టింది. కరెంటు మీటరు బిగించగానే ముల్లు తిరగబడి పోయింది. ఆమె కాసేపు చూసి పకపక నవ్వింది. ఆ కారు తయారుచేసిన వాళ్లు ప్లస్ తీగను బాడీకి కట్టారు, మన లారీల్లో కట్టేది మైనస్. రెండు తీగలు అటూ ఇటూ మార్చేసరికి ముల్లు దారికొచ్చింది.

కారు ముందు భాగంలో పాలిష్ పట్టిన చెక్క ఉంది. దానికి కన్నాలు కొట్టమని కాశయ్య తొందరపెట్టాడు.

“ఈ చెక్క ఎవుడో మనసుపెట్టి చేసినాడు. దీనికి నాను బొక్కెట్టను,” అంది రత్నం. అల్యూమినియం రేకు వంచి, చెక్క కింద వేలాడేలా చిన్న పట్టీ చేసింది. అందులో మూడు మీటర్లూ పక్కపక్కనే కూర్చున్నాయి. ఇంజను స్టార్టు చేయగానే ఆయిల్, కరెంటు ముళ్లు లేచాయి, కాసేపటికి వేడి ముల్లూ లేచింది.

పందెంలో తోడు మనిషిగా ఆమెనే కూర్చోమన్నాడు కాశయ్య. తాను రోడ్డు చూస్తాడట, ఆమె ముళ్లు చూడాలట. నీలకంఠం సెలవు పెట్టి మరీ వచ్చాడు. నేనూ వెళ్లాను. జీపులు, అంబాసిడర్లు, ఫియట్లు ఒకదాని తర్వాత ఒకటి వదిలారు. ఎర్రకారులో ముతక చీర కట్టుకున్న మనిషి ఎక్కుతుంటే మైకులో ఎవరో ఏదో చమత్కరించాడు, జనం గొల్లుమన్నారు. రత్నం కొంగు నడుముకి దోపుకుని, చూపు మీటర్ల మీద పెట్టింది. కారు గురగురమంటూ మలుపు దాటిపోయింది.

ఆ తర్వాత జరిగింది ఆమె చెబితే తెలిసింది. సగం కొండ ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. వేడి ముల్లు ఎర్రచుక్కకి చాలా ఇవతలే ఉంది. అప్పుడు ఆమె పాదం మీద ఏదో చురుక్కుమంది. చూసేలోపే ఆయిల్ ముల్లు జారడం మొదలుపెట్టింది.

“ఆపు!”

“రెండు మలుపులే అక్కా! అందరి కంటె ముందున్నం!”

“ఆపమన్నానా!”

అతను ఆపలేదు. రత్నం చేయి చాచి తాళంచెవి తిప్పేసింది. కారు కొండ పక్కకి ఒరిగి ఆగింది.

వెనకనే వచ్చిన జీపులో క్లబ్బు వాళ్లు, దారి పొడవునా నిలబడ్డ గని కూలీలు, డ్రైవర్లు చుట్టూ మూగారు. ఆయిల్ ఎక్కడ కారుతోందో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంజను గది రేకు గుండా లోపలికి వచ్చే రాగి గొట్టం, కుదుపులకి ఆ రేకు అంచున రాసుకుని తెగిపోయింది. అంటే ఆమె వేసిన గొట్టమే. మీటరు లేకపోతే ఆ గొట్టమే ఉండేది కాదు.

కాశయ్య ముఖం నల్లబడింది. “ఏందక్కా ఇది? నువ్వు పెట్టిన మీటరే నా పందెం చెడగొట్టె!”

అప్పుడు ఎవరైనా ఏం చెబుతారు? గొట్టం పాతదనో, రోడ్డు బాగాలేదనో, మరీ జోరుగా నడిపావనో అంటారు. వేడి ఆయిల్ పడి కాలిన పాదంతో, అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి ఆమె గట్టిగానే అంది.

“తప్పు నాదే. గొట్టం రేకులోంచి దూరిన కాడ రబ్బరు చుట్టాల. తొందరలో చుట్టనేదు. ముల్లు పడిపోయిందని చెప్పినదీ నా మీటరే, ఆయిలు పారబోసినదీ నా గొట్టమే. రెండూ నావే.”

ఎవరూ నవ్వలేదు. ఆమె తెగిన గొట్టాన్ని ఇంజను వైపు రెండు మడతలు వేసి రాతితో నలగ్గొట్టి మూసింది. ఒక జీపు డ్రైవరు ఆయిల్ డబ్బా తెచ్చి ఇచ్చాడు. కారు మెల్లగా కిందికి దిగింది. కాశయ్య ఆమెను బస్సు స్టాండు దగ్గర దింపి, కారు తిప్పుకుని వెళ్లిపోయాడు.

అటు తర్వాత అతను గీదం వైపు రాలేదు. రత్నం కూడా ఆ సంగతి ఎత్తలేదు. పాదానికి కట్టు కట్టుకుని షెడ్డులో కూర్చునేది, కానీ ఎర్రటిదేదైనా రోడ్డు మీద కనబడితే తలెత్తేది. కాలు మానగానే ఒకరోజు సంచిలో పనిముట్లు, కొత్త రాగి గొట్టం, సైకిలు ట్యూబు ముక్కలు వేసుకుని బచేలి బస్సెక్కింది. నీలకంఠం తానూ వస్తానన్నాడు. “నా పనికి నువ్వెందుకు” అంది.

కాశయ్య డ్యూటీలో ఉన్నాడు. అతని భార్య సన్నే తలుపు తీసింది. సన్నేకి తెలుగు కొంచెం, గోండి బాగా. రత్నంకి గోండి బొత్తిగా రాదు. హిందీ, బస్తర్ సంతల్లో వాడే హల్బీ కలుపుకుని ఇద్దరూ నడిపించుకున్నారు. టార్పాలిన్ తీసి, రత్నం కారు కింద దూరింది. ఈసారి గొట్టం నేరుగా లాగలేదు. ఇంజను వణికినా గొట్టం లాగబడకుండా మధ్యలో రెండు చుట్లు వదులుగా తిప్పింది. రేకులోంచి దూరేచోట రబ్బరు మందంగా పెట్టింది. సన్నే దీపం పట్టుకున్నట్టు అద్దం పట్టుకుని, ఎండని కారు కిందికి మళ్లించింది.

డ్యూటీ దిగి వచ్చిన కాశయ్యకి మొదట కనబడినవి కారు కింద నుంచి బయటికి చాచిన రెండు పాదాలు. ఒకదాని మీద కాలిన మచ్చ గులాబీరంగులో మెరుస్తోంది.

“ఎవర్రా అది?”

“నానే. కదపకు.”

కాశయ్య తలపాగా తీసి గుమ్మంలో కూర్చున్నాడు. కాసేపటికి, “ఆ దినం అందరి ముందల నిన్ను అంత మాటంటిని. రావడానికి నాకు మొఖం చెల్లలే,” అన్నాడు.

“మాటకేం. మచ్చ నాది గాని ఇంజను బతికినాది కదా,” అంది ఆమె కింద నుంచే. “ఆ చిన్న స్పానరు ఇలాగివ్వు.”

ఆ ఆదివారం గని గేటు దగ్గర అనుమతి తీసుకుని మళ్లీ కొండ ఎక్కాలనుకున్నారు. జనం లేరు, మైకు లేదు. కాశయ్య తలుపు తీసి రత్నంని కూర్చోమన్నాడు. ఆమె సన్నే చెయ్యి పట్టుకుని ముందుకి తోసింది.

“ఇంటి బండిలో ఇంటామె కూకోవాల. ముల్లులు ఎలగ సూడాలో నేర్పినాను. దానికి సదువక్కర్నేదు.”

సన్నేకి మీటరు అంకెలతో పనిలేకుండా, ఒక్కో ముల్లు ఎక్కడ ఉండాలో చుక్కలు పెట్టి చూపించింది. ఈ చుక్క దాటితే ‘ఆగు’ అనాలి, ఆ చుక్క కిందికి పడితే ‘ఆగు’ అనాలి. సన్నే బిగుసుకుపోయి కూర్చుంది. కారు ఇంటికొచ్చాక ఆమె దాన్ని ఎక్కడం అదే మొదటిసారట.

రత్నం కింద చెక్‌పోస్టు దగ్గర బల్ల మీద, ఈసారి తోడు వచ్చిన నీలకంఠం పక్కన కూర్చుని, చెవులు కొండ వైపు పెట్టింది. ఇంజను చప్పుడు ఒక మలుపులో వినబడి, ఇంకో మలుపులో మాయమైంది. ఆపైన అసలు వినబడలేదు. చాలాసేపటి తర్వాత ఎర్రకారు ఎర్రదుమ్ములో దిగి వచ్చింది. ఇద్దరి కనుబొమ్మలకీ దుమ్మే.

“పైన మబ్బులు మన కాళ్ల కింద ఉన్నయక్కా!” అన్నాడు కాశయ్య. సన్నే మాత్రం రత్నం వైపే చూస్తూ తన గోండి యాస తెలుగులో చెప్పింది: “ముల్లు ఒక తూరి కదిలింది. నేను ఆగు అన్నా. ఈయన ఆగిండు. నీళ్లు పోసినం. మల్ల పోయినం.”

రత్నం ఆమెను దగ్గరికి లాక్కుని కౌగిలించుకుంది. ఆమె ఎవరినీ అలా కౌగిలించుకోవడం తానెప్పుడూ చూడలేదని తర్వాత నీలకంఠం నాతో నవ్వుతూ చెప్పాడు.

కొండ మీద జరిగిన సంగతి లారీల వెంట ఊరూరా తిరిగింది. పందెం ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తులేదు, అప్పటి డ్రైవర్లకీ గుర్తుండదు. “తప్పు నాది” అన్న మీటరమ్మ మాత్రం బీజాపూర్ అవతల బాసగూడ దాకా తెలిసిపోయింది. తన పనిలో లోపం తానే చెప్పే మిస్త్రీ దొరికాక డ్రైవర్లు ఇంకొకరి దగ్గరికి ఎందుకు పోతారు? కలప లారీలు, ట్రాక్టర్లు, తునికాకు మోసే మెటాడోర్ వ్యాన్లు షెడ్డు ముందు వరుస కట్టేవి. ఎవరైనా తొందరపెడితే ఆమె తన పాదం ముందుకి చాచి, మచ్చ చూపించి, మళ్లీ పనిలో పడేది.

నాకు బదిలీ అయి వాల్తేరు వచ్చేశాక చాలా ఏళ్లకి ఒకసారి గీదం వెళ్లాను. నీలకంఠం రిటైరై షెడ్డు ముందు కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లకి టీ పోయిస్తున్నాడు. రోడ్డు మీద బీజాపూర్ బస్సు కదలబోతోంది. రత్నం దాని ముందు నిలబడి బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఉంది. జుట్టంతా తెల్లబడింది.

“గాలి ముల్లు ఇంకా లేవనేదు. గాలి నిండకపోతే బ్రేకు పట్టదు. కూకో,” అంటోంది డ్రైవరుతో.

డ్రైవరు కుర్రాడు హిందీలో గొణిగాడు. బస్సులో వాళ్లు మాత్రం ఒక్కరూ తొందరపెట్టలేదు. ముందు కిటికీలోంచి ఒక ముసలామె రత్నంకి సీతాఫలం అందించింది. రత్నం బానెట్ మీది చెయ్యి తీయకుండానే, రెండో చేత్తో అందుకుంది.