రికార్డులోంచి తీసేసిన మాట

మా అక్కయ్యకి కోపం వస్తే ముందు ఇంట్లో గిన్నెలకి తెలుస్తుంది. అక్కయ్యంటే నా తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. ఒకే వంటగదిలో ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చామంటే అందులో నా గొప్పేం లేదు, ఆవిడ ఇంట్లో ఉండేదే తక్కువ. పొద్దున్నే బస్సెక్కితే ఏ చీకటి పడ్డాకో దిగేది. దూరపు రూట్లో కండక్టరు. ఆవిడ "రైట్ రైట్" అని అరిస్తే బస్సే కాదు, రోడ్డు మీద మేకలు కూడా కదిలేవని డ్రైవర్లు చెప్పుకునేవారు. అలా రైటక్క అన్న పేరు స్థిరపడిపోయింది. తర్వాత్తర్వాత శాసనసభలో మంత్రులు కూడా ఆ పేరుతోనే పిలిచారు. కొందరు ప్రేమగా, ఎక్కువమంది విసుగ్గా.

డ్యూటీ ఉన్న రోజు అక్కయ్య నీళ్ళు మింగేది కాదు. పుక్కిలించి ఊసేది. కాపురానికొచ్చిన కొత్తలో అది చూసి, పంటి నొప్పికేదో వైద్యం కాబోలనుకున్నాను.

"వైద్యమా నా మొహమా! తాగితే ఒంటికెళ్ళాలి కదే. ఎక్కడికెళ్ళను? మగాళ్ళకి ప్రతి గోడా పనికొస్తుంది. మాకేదీ?" అంది.

ఆ మాట అంత మామూలుగా అనేసి సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తమ బతుకులో అదొక భాగమన్నట్టే ఉండేవాళ్ళు ఆ డిపోలో ఆడవాళ్ళందరూ, పొడుగమ్మాయి మంచాన పడేదాకా.

పొడుగమ్మాయి అక్కయ్య కంటే చాలా చిన్నది. బస్సు కప్పుకి తల తగులుతుందని వంగి వంగి టిక్కెట్లు ఇచ్చేది. ఇద్దరూ ఒకే రూట్లో చేశారు. ఆ అమ్మాయికి మాటిమాటికీ చలిజ్వరం, నడుంనొప్పి. మందు వేసుకోవడం, మళ్ళీ బస్సెక్కడం. చివరికి ఆస్పత్రిలో ఒక కిడ్నీ తీసేశారు. రెండోది కూడా అంతంతమాత్రమే అన్నారు. నీళ్ళు తాగక, ఒంటికెళ్ళక ఆపుకుని ఆపుకుని రోగం పైకి పాకిందని డాక్టరు చెప్పాడు. డిపో మేనేజరు మాత్రం, "అది నీ ఒంటితత్వం, ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బు కాదు" అని తేల్చేశాడు. సెలవులు అయిపోయాయి, ఉద్యోగం ఊడింది.

అక్కయ్య వెళ్ళి డిపో గేటు ముందు కూర్చుంది. ఆవిడ వెనక ఇంకొందరు కూర్చున్నారు. బస్సులు ఆగాయి, పోలీసులొచ్చారు, పేపరోళ్ళొచ్చారు. గేటు తెరుచుకుందిగానీ పొడుగమ్మాయి ఉద్యోగం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. ఎలాగూ పోయే సీటే కదా, ఎవరో ఒకరు నిలబడితే చాలని ఒక పార్టీ అక్కయ్యని నిలబెట్టింది. ఆ రూట్లో ఇన్నేళ్ళు ఆవిడ చేత తిట్లు తిన్న ప్రయాణికులంతా కలిసి గెలిపించారు. అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది ఆ పార్టీ వాళ్ళే.

మొదటిసారి సభలో మాట్లాడిన రోజు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. కార్మికుల ఆరోగ్యం మీద చర్చ. బావగారు కుట్టుమిషను షాపు మూసేసి మరీ వచ్చారు. అక్కయ్య లేచింది.

"అధ్యక్షా, బస్సుల్లో పనిచేసే ఆడవాళ్ళకి మూత్రం పోసుకోవడానికి చోటు లేదు."

అంతే. మొదట వెనక వరసలోంచి ఒక కిసుక్కు. తర్వాత సభంతా గొల్లుమంది.

"ఎందుకు నవ్వుతున్నారు? మీలో ఎవరూ పోసుకోరా?" అంది అక్కయ్య.

సభాపతి బల్ల మీద కొట్టాడు. "గౌరవ సభ్యురాలు సభామర్యాద పాటించాలి. ఆ పదాన్ని రికార్డుల నుంచి తొలగిస్తున్నాం."

"మరి ఏమనాలి అధ్యక్షా?"

పెద్దాయనొకాయన లేచి, "కాలకృత్యాలు అనవచ్చు" అని సలహా ఇచ్చాడు.

"కాలకృత్యాలంటే పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచీ వస్తాయి కదండీ. మా కండక్టర్లు స్నానానికి వేణ్ణీళ్ళు అడుగుతున్నారనుకుంటారు. నేనడిగేది ఒక్కటే!"

మళ్ళీ నవ్వులు. సమయం అయిపోయిందని మైకు ఆపేశారు. ఆవిడ నోరు కదులుతోంది, మాట వినపడదు. బావగారు టీవీ కట్టేసి షాపుకి వెళ్ళిపోయారు. అక్కయ్య కూతురు గదిలోకెళ్ళి తలుపేసుకుంది. సాయంత్రం తల్లి రాగానే ఎదురెళ్ళి, "అమ్మా, నీకు మాట్లాడ్డానికి ఇంకేమీ దొరకలేదా? రేపు నేను కాలేజీకెలా వెళ్ళను?" అని అడిగింది.

"బస్సులో వెళ్ళు. వెళ్ళేటప్పుడు ఆ కండక్టరమ్మని అడుగు, పొద్దున్నించీ ఏమైనా తాగిందా అని," అంది అక్కయ్య. ఆ రాత్రి గిన్నెలన్నీ తనే తోమింది. పక్కింటివాళ్ళు ఏమైందని వచ్చి చూసి వెళ్ళారు.

సభ వాళ్ళు అచ్చువేసిన పుస్తకం ఇంటికొచ్చింది. ఆవిడ ప్రసంగంలో మూత్రం ఉన్న చోటల్లా చుక్కలు. "బస్సుల్లో పనిచేసే ఆడవాళ్ళకి చుక్కలు చుక్కలు చుక్కలు చోటు లేదు." చదివి బావగారు మొదటిసారి నవ్వారు. "ఏమడిగావో ఎవరికీ తెలీదే, మేడ మీద మేడ అడిగావనుకుంటారు," అన్నారు. అక్కయ్యకి నవ్వు రాలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు బంతాట సాగింది. కార్మిక మంత్రిని అడిగితే, జబ్బు కాబట్టి ఆరోగ్య మంత్రి చూడాలన్నాడు. ఆరోగ్య మంత్రిని అడిగితే, బస్సుల్లో కాబట్టి రవాణా వాళ్ళు చూడాలన్నాడు. రవాణా మంత్రి, కట్టడం మా పని కాదు, పురపాలక సంఘాలదన్నాడు. వాళ్ళు, సిబ్బంది మావాళ్ళు కాదు కదా, కార్మిక శాఖ అడిగితే ఆలోచిస్తామన్నారు. "గానుగెద్దుకైనా సాయంత్రానికి కట్లు విప్పుతారే. నన్ను వీళ్ళు విప్పరు," అని అక్కయ్య సంచీ విసిరికొట్టేది.

ఎట్టకేలకి కార్మికుల ఆరోగ్యం మీద ఒక బిల్లు వచ్చింది. అక్కయ్య పోరగా పోరగా అందులో రెండు మాటలు చేరాయి. ప్రతి మజిలీలో సిబ్బందికి మరుగుదొడ్డి, దానికి పోయొచ్చేంత విరామం ఇవ్వాలనేది ఒకటి. పని వల్ల వచ్చే కిడ్నీ జబ్బుల్ని వృత్తి జబ్బులుగా లెక్కించి ఉద్యోగికి భృతి ఇవ్వాలనేది రెండోది. కానీ మొదటి దానికి ముందు ఎవడో పుణ్యాత్ముడు "వీలైనంత వరకు" అని తగిలించాడు.

ఆ రోజు అక్కయ్య మాటలు నాకింకా గుర్తే. "అధ్యక్షా, మా ఇంట్లో కుళాయి కారుతోంది. బాగుచేయించమంటే మా ఆయన వీలైనంత తొందరగా అన్నాడు. మా అమ్మాయి అప్పుడు బడిలో చేరింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. కుళాయి కారుతూనే ఉంది."

సభ నవ్వింది. ఈసారి ఆవిడతో కలిసి నవ్వింది. బావగారు మాత్రం షాపుకొచ్చిన ప్రతివాడూ కుళాయి సంగతి అడుగుతున్నాడని ఆ వారమే ప్లంబర్ని పిలిచారు. బిల్లుని మాత్రం ఒక కమిటీకి పంపారు.

కమిటీ ముందు బాధితుల్ని మాట్లాడించాలన్నారు. అక్కయ్య పొడుగమ్మాయిని ఒప్పించింది. తోడు నన్ను పంపింది. ఆ అమ్మాయి ఇప్పుడు సీసాతో నీళ్ళు వెంటబెట్టుకుని తిరుగుతుంది, తాగాలి, తాగిన కాసేపటికే వెళ్ళాలి. శాసనసభ భవనంలో నడవా పొడుగునా పాలరాయి. ఒక బల్ల మీద కూర్చోమన్నారు. కమిటీకి సరిపడా సభ్యులు రాలేదని ఒకసారి, ఛైర్మన్‌గారు భోజనంలో ఉన్నారని ఒకసారి వాయిదా వేశారు. ఈలోగా పొడుగమ్మాయికి వెళ్ళాల్సి వచ్చింది. సందర్శకుల ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసుంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది బాబూ?" అని అక్కడి జవానుని అడిగాను.

"సూపర్‌వైజరు దగ్గరండి."

"ఆయనెక్కడ?"

"సెలవులో ఉన్నారండి."

పక్కనే సభ్యులకి ఒకటుంది. అటు కదిలితే, "అది సభ్యులకేనండి, నా ఉద్యోగం పోతుంది," అని చేతులు అడ్డం పెట్టాడు. పాపం, అతన్నేమనను? పొడుగమ్మాయి మొహం పాలిపోయింది. గోడ పట్టుకుని వంగిపోయింది, బస్సులో వంగినట్టే. నేను పరుగున వెళ్ళి అక్కయ్యని పిలుచుకొచ్చాను.

అక్కయ్య వచ్చింది. ఆ అమ్మాయిని చూసింది, తాళాన్ని చూసింది. తర్వాత పొడుగమ్మాయి నడుం చుట్టూ చెయ్యి వేసి, జవానుతో మెల్లగా, "నువ్వు అటు తిరుగు నాయనా. అడిగితే రైటక్క తోసేసిందని చెప్పు," అంది. లోపలికి తీసుకెళ్ళింది. కానీ కొద్దిగా ఆలస్యమైంది. చీర మార్చుకోవాల్సొచ్చింది. అక్కయ్య తన గదిలో ఉంచుకున్న చీర తెచ్చి కట్టబెట్టింది. పొడుగమ్మాయి ఏడవలేదు. "నేనెళ్ళిపోతాను. ఎవరి ముందూ ఏమీ చెప్పను," అంది. నేను తీసుకొచ్చేశాను. ఆరోజు కమిటీ అసలు కూర్చోనేలేదు.

మర్నాడు అక్కయ్య సభలో లేచింది. ఎవరి పేరూ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, ఆ తీసేసిన మాటతో సహా. "ఈ మాట మళ్ళీ తీసేస్తారు, తెలుసు. తీసేయండి. కానీ అధ్యక్షా, నిన్న మీ పాలరాయి తుడిచిన మనిషికి అది ఏమిటో తెలుసు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సభాపతి ఆ మాటని తీసేయమనలేదు. తాళం అప్పటికప్పుడు పగలగొట్టించాడు.

కార్మిక మంత్రి అక్కయ్యని తన గదికి పిలిచాడు. "అమ్మా, వీలైనంత వరకు అన్నది తీసేస్తాం. మరుగుదొడ్లు కట్టి తీరాలని రాస్తాం. వృత్తి జబ్బు సంగతి మాత్రం ఇప్పుడొద్దు. నిపుణుల సంఘం వేస్తాను. ఒప్పుకుంటే రేపే ఆమోదం, లేదంటే మొత్తం మూలనపడుతుంది."

ఆ రాత్రి అక్కయ్య అన్నం తినలేదు. మరుగుదొడ్లు కడితే వేలమందికి పనికొస్తాయి. భృతి లేకపోతే పొడుగమ్మాయిలాంటి వాళ్ళకి దక్కేది సున్నా. బావగారు, "దొరికింది పట్టుకో," అన్నారు. మర్నాడు అక్కయ్య బిల్లుకి ఓటేసింది. ఓటేసి తిన్నగా పొడుగమ్మాయి ఇంటికెళ్ళింది, నేనూ వెళ్ళాను.

"నా మానం పెట్టి సగం బేరమాడుకొచ్చావా అక్కా?" అంది ఆ అమ్మాయి.

"మిగతా సగం తెస్తానే," అంది అక్కయ్య.

"తెచ్చినప్పుడు రా," అని తలుపేసుకుంది.

మరుగుదొడ్లు లేచాయి. కొన్నిటికి నీళ్ళు లేవు, కొన్నిటికి గడియ లేదు. అక్కయ్య బస్సెక్కి ఒక్కొక్క మజిలీకీ వెళ్ళి చూసొచ్చి సభలో తగాదా పడేది. ప్రతి సమావేశంలోనూ వృత్తి జబ్బు సంగతి ఎత్తేది. ఆవిడ లేస్తే చాలు, "అబ్బా, మళ్ళీ మొదలు" అని ముందు వరసలోంచే వినబడేది. మంత్రులు మారారు, నిపుణుల సంఘంలో ఇద్దరు నిపుణులు రిటైరయ్యారు, అక్కయ్య జుట్టు నెరిసింది. పొడుగమ్మాయి మాత్రం మాట్లాడలేదు. ఎదురుపడితే రోడ్డు దాటి అటువైపు నడిచేది.

ఆఖరికి అక్కయ్య మళ్ళీ గెలిచి, ఆ రెండో విడత కూడా ముగిసే ముందు, ఒక మధ్యాహ్నం, భోజనాల వేళకి సభలో సగం కుర్చీలు ఖాళీగా ఉండగా, కొత్త కార్మిక మంత్రి ఏదో సవరణల కట్ట చదువుకుంటూ పోయాడు. అందులో కిడ్నీ జబ్బుల సవరణ ఉంది, పాత బాధితులకి కూడా వర్తిస్తుందని ఉంది. ఎవరైనా వ్యతిరేకిస్తున్నారా అని సభాపతి అడిగాడు. ఎవరూ పలకలేదు. ఆమోదించబడింది.

అక్కయ్య ఉగ్రంగా ఇంటికొచ్చింది. నేను కంగారుపడ్డాను. "ఏమైంది అక్కయ్యా, ఓడిపోయిందా?"

"గెలిచిందే! ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడ్డు చెప్పలేదు. ఇంత తేలికైన పనికా నన్ను ఇన్నేళ్ళు తిప్పారు? పోట్లాడేవాడు కూడా లేకపోతే నేనెవర్ని తిట్టుకోను?" అని కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

వైద్యుల బోర్డు పొడుగమ్మాయిని కొన్నాళ్ళు తిప్పింది, కానీ ఈసారి చట్టం చేతిలో ఉంది. భృతి మంజూరైన రోజు ఆ అమ్మాయి తనంతట తనే మా ఇంటికొచ్చింది. నేనే తలుపు తీశాను. లోపల అక్కయ్య ఫోన్లో ఎవరిమీదో విరుచుకుపడుతోంది. ఆస్పత్రి ఊడ్చేవాళ్ళకి చేతితొడుగులు ఇవ్వడంలేదట. "మీ శాఖ కాదా? మరి ఎవరి శాఖ? చెప్పండి, రాసుకుంటాను!" అంటూ తల తిప్పి చూసింది. గుమ్మంలో పొడుగమ్మాయి కనపడింది. ఫోను చెవినుంచి తీయకుండానే, పక్కన కుర్చీ మీదున్న బట్టల మూట కిందికి తోసి, కూర్చోమని చెయ్యి చూపించింది.

ఆ అమ్మాయి కూర్చుంది.