గుమ్మడికాయకు ఆనించిన చెవి

బెల్లంతో ఉడికే గుమ్మడికాయ వాసన వస్తే నా చెవి నేటికీ చల్లబడుతుంది. సిద్దిపేటలో, పోయినవాళ్లకు పెట్టే పెత్రమాస నాడు, నేను పుట్టకముందే చనిపోయిన అన్న పేరున అమ్మ గుమ్మడికాయ తెచ్చింది.

“గిది ఇంటికి పెద్దకొడుకు లెక్క బిడ్డా. ఆడోళ్లు కొయ్యద్దు. బాపు కోస్తడు.”

నేను కాయకు చెవి ఆనించాను. లోపల గుండె కొట్టుకుంటోంది.

“అన్న బతికే ఉన్నడు! కొయ్యకు బాపూ!”

“గుమ్మడికాయకు గుండె యాడిదే, పిచ్చిపోరీ!” అని బాపు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. తనూ చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

“జర ఆగుండ్రి,” అన్నది.

కాసేపటికి బాపు కాయ కోశాడు. మధ్యాహ్నం కూర, సాయంత్రం పాయసం తిన్నాం. మింగినప్పుడల్లా నా చెవిలో అదే చప్పుడు.

అది నా చెవిలో కొట్టుకునే నెత్తుటి చప్పుడేనని పెద్దయ్యాక, దిండుకూ గోడకూ చెవి ఆనించి, పరీక్షించి తేల్చుకున్నాను. అమ్మ ఎవరిని విన్నదో తేల్చే పరీక్ష నాకు తెలియదు.