గదిలో లేని అన్నయ్య

జర్మనీలో ఇంగోల్‌స్టాట్ అనే ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు సెలవుల్లో ఏ ఊరు బయలుదేరినా ముందు ఏసుకుమారికి ఫోన్ చేసేవారు. ప్రాగ్‌లోనో వెనిస్‌లోనో చవక హోటల్లో రెండు రోజులు ఉండి రావడానికి పెద్ద జీతాలవాళ్లకిచ్చే బ్లూకార్డు వీసా దొరలు, పెద్ద పెద్ద ఇంజినీర్లు, హోటల్లో పక్కలు మార్చే మనిషిని సలహా అడగడం నాకు భలే తమాషాగా ఉండేది. రైల్వే స్టేషన్ పక్క హోటల్లో ఆమె గదులు సర్దేది, నేను కింద టిఫిన్ల హాల్లో బల్లలు తుడిచేదాన్ని. నా పేరు సుభద్ర, మాది కరీంనగర్ పక్క. ఆమెది నరసాపురం. ఇద్దరం మొగుళ్ల ఉద్యోగాల వెనకాల వచ్చినవాళ్లమే. డిగ్రీలున్నా జర్మన్ రాని ఆడవాళ్లకు ఇక్కడ దొరికే పనులు ఇవే, సిగ్గుపడటానికేం లేదు.

ఏసుకుమారి సలహాలు ఉత్త కబుర్లు కావు. రోజుకు పద్దెనిమిది గదులు సర్దిన చేతులు చెప్పే మాటలు. "డబ్బు కట్టకముందే గది చూపించమనండి. చూపించనంటే బ్యాగు కింద పెట్టకుండా వచ్చేయండి. దుప్పటి తెల్లగా ఉందని మురిసిపోకండి, పరుపు మూల ఎత్తి కుట్టు దగ్గర చూడండి. నల్లచుక్కలుంటే నల్లులున్నట్టే. లిఫ్టు పక్క గది వద్దు, నిద్రుండదు. కింద గదొద్దు, మరీ పైనా వద్దు, రెండో ఫ్లోరో మూడో ఫ్లోరో అడగండి. మగ్గు మటుకు మర్చిపోకండి, ఈ దేశాల్లో దొరకదు." ఇలా మొదలుపెట్టి చివరికి తలుపు దగ్గరికి వచ్చేది. గడియ వెయ్యాలి, గొలుసు తగిలించాలి, అది చాలదు, కుర్చీ తెచ్చి హ్యాండిల్ కింద ఎగదన్ని పెట్టాలి. అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయేది. వినేవాళ్లకు తాము సెలవులకు వెళ్తున్నారో కోట కాపలాకు వెళ్తున్నారో తెలిసేది కాదు. నేను చాలాసార్లు వెక్కిరించాను. ఆ వెక్కిరింతలకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆమెకు ఒక్కతే కూతురు, తబిత. ఇంటర్ దాకా నరసాపురంలో అమ్మమ్మ దగ్గర చదివింది. డాక్టర్ కావాలని ఆ పిల్ల పట్టు. మన దగ్గర సీటు రాలేదు, జర్మనీలో చదవాలంటే ముందు భాషే కొండంత. అందుకని మనవాళ్లు చాలామంది పంపినట్టే ఫిలిప్పీన్స్‌లో దవావో అనే ఊళ్లో చేర్చారు. రెండో ఏడాది సెలవుల్లో హాస్టల్‌కి మరమ్మతులని పది రోజులు అందర్నీ ఖాళీ చేయించారు. తోటి తెలుగు పిల్లలంతా ఇండియా విమానం ఎక్కేశారు. తబితకు ఒక పేపర్ పోయింది, సెలవుల చివర మళ్లీ రాయాలి. పైగా అమ్మమ్మ పోయాక నరసాపురంలో ఇల్లు తీసేవాళ్లు లేరు. ఊళ్లోనే ఏదో చవక హోటల్లో ఉండి చదువుకుంటానంది.

ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఏసుకుమారి ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, వీడియోలో కూతురికి పాఠం చెప్పింది.

"రిసెప్షన్లో ఒక్కదాన్నే అని చచ్చినా చెప్పకు. ఇద్దరికని గది తీసుకో. మా అన్నయ్య కూడా ఉంటాడని చెప్పు."

"నాకు అన్నయ్యేడి మమ్మీ?" తబిత నవ్వింది.

"ఇప్పుడుంటాడు. రాత్రిళ్లు కంప్యూటర్ పని చేసి పగలు పడుకుంటాడని చెప్పు. గది తుడవడానికి కూడా ఎవర్నీ రానివ్వకు. డిస్టర్బ్ చెయ్యొద్దన్న బోర్డు తగిలించెయ్యి. ఎవరైనా ఫోన్ చేసి చుట్టాలమంటే నీ గురించి ఏవీ చెప్పొద్దని కాయితం మీద రాసిచ్చెయ్యి. తలుపు కొడితే తియ్యకు. మీ అమ్మ పంపిందన్నా తియ్యకు. ఈ రోజుల్లో గొంతులు కూడా తయారు చేసేత్తన్నారంట. నా గొంతే వినపడినా తియ్యకు."

"అక్కా, గట్ల భయపెడ్తే పిల్ల ఆడ ఎట్లుంటది?" అన్నాను.

"భయముంటేనే మంచిది సుభద్రా," అంది. అని ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

అయిదో రోజు తబితకు జ్వరం వచ్చింది. వైరల్ ఫీవరేనని తనే తేల్చుకుని మాత్రలు వేసుకుంది. సగం డాక్టర్లతో వచ్చే చిక్కే ఇది. ఆదివారం వీడియోలో ముఖం పీక్కుపోయి ఉంది, అయినా జ్వరం తగ్గిందని, నీరసం ఒక్కటే ఉందని చెప్పింది. అక్కడి టైము ప్రకారం సోమవారం పొద్దున "పడుకుంటున్నా మమ్మీ" అని ఒక మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఏసుకుమారి పంపినవన్నీ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. పిల్ల ఫోన్ ఆఫ్ అయిపోయింది.

మంగళవారం తొమ్మిదింటికి నేను ఖాళీ పళ్లేలు సర్దుతుంటే మారిసెల్ పరుగెత్తుకుంటూ వచ్చింది. మారిసెల్ కూడా మా హోటల్లో గదులు సర్దేదే, ఫిలిప్పీన్స్ మనిషి. నా చెయ్యి పట్టి మూడో అంతస్తుకు లాక్కుపోయింది. దుప్పట్లు పెట్టే గదిలో ఏసుకుమారి నేల మీద కూర్చుని ఉంది, చెవి దగ్గర ఫోన్.

"ఏమైందక్కా? గట్ల కూసున్నవేంది?"

"పిల్ల పలకట్లేదు. హోటల్ వోళ్లు చెప్పట్లేదు," అంది.

ఫోన్ స్పీకర్లో పెట్టింది. అవతల రిసెప్షన్ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడుతోంది. క్షమించండి మేడమ్, మా అతిథుల గురించి బయటివాళ్లకు చెప్పకూడదు. నేను బయటిదాన్ని కాదు, తల్లిని అంది ఏసుకుమారి. ఆ గెస్ట్ మాకు కాగితం మీద రాసిచ్చారు మేడమ్, బంధువులమని, తల్లినని ఎవరు ఫోన్ చేసినా ఏమీ చెప్పవద్దని. ఏసుకుమారి కూతురికి చెప్పిన మాటలే, ఒక్క ముక్క పోకుండా, పది వేల కిలోమీటర్లు తిరిగి ఈమెకే వచ్చాయి.

"దానికి జ్వరం. ఒక్కతే ఉంది. పైకెళ్లి తలుపు కొట్టండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"ఒక్కరే లేరు మేడమ్. వాళ్ల అన్నయ్య ఉన్నారు."

"దానికి అన్నయ్య లేడు!"

అవతల ఆ అమ్మాయి మాటల్లో మర్యాద అలాగే ఉంది కానీ గొంతు చల్లబడింది. తల్లినంటున్నారు, కొడుకు ఉన్నాడో లేడో కూడా మీకు తెలియదా మేడమ్ అంది. ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరి మీద మండాలి? ఆ అమ్మాయి తన పని తను సక్రమంగా చేస్తోంది. మా హోటల్లో ఎవరైనా ఫోన్ చేసి ఫలానా గదిలో ఒంటరిగా ఉన్న పిల్ల సంగతి చెప్పమంటే మేము చెబుతామా? చెప్పం. ఏసుకుమారి అసలే చెప్పదు.

ఆమె భర్త పౌలురాజు కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, రెండింటి దాకా దొరకడు. కాలేజీ నంబర్ ఎంత మోగినా సెలవుల్లో ఎత్తే దిక్కు లేదు. విమానం ఎక్కుదామన్నా రేపటికి గానీ చేరదు. అక్కడ అప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. పిల్ల చివరి మెసేజ్ వచ్చి ముప్పై గంటలు. ఏసుకుమారి "యేసయ్యా, యేసయ్యా" అంటూ అదే నంబర్ మళ్లీ మళ్లీ నొక్కుతోంది, వాళ్లు కట్ చేస్తున్నారు. "డెంగీ అయ్యుంటాది సుభద్రా. జ్వరం తగ్గాకే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అది చదువుకుంది కదా, దానికి తెలవదా?" అని నన్ను అడుగుతోంది. నాకేం తెలుసు? ఆమె చేతులు పట్టుకుని కూర్చున్నాను.

మారిసెల్ తన ఫోన్ తీసి ఆ హోటల్‌కి కొట్టింది. వాళ్ల భాషలో మాట్లాడింది. అరిచింది, బతిమాలింది, ఒకసారి ఏడ్చింది కూడా. అయిదు నిమిషాల తర్వాత ఫోన్ ఏసుకుమారికి ఇచ్చింది.

"నువ్వు నిజంగా తల్లివైతే నీ కూతురు అన్నయ్య ఉన్నాడని అబద్ధం ఎందుకు చెప్పిందో చెప్పమంటోంది."

ఏసుకుమారి నా వంక చూసింది. తర్వాత తలుపు వంక చూసింది, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు. వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

జర్మనీ వచ్చిన కొత్తలో మ్యూనిక్‌లో వాళ్లకు ఇల్లు దొరకలేదు. ఒక చవక లాడ్జిలో మూడు నెలలున్నారు. పౌలురాజు పొద్దున వెళ్తే సాయంత్రం వచ్చేవాడు. ఒకరోజు ఆమె స్నానం చేస్తుండగా లాడ్జి చూసుకునే మనిషి తన తాళంతో గది తెరిచి లోపలికి వచ్చాడు. హీటర్ చూడాలన్నాడు. చూడలేదు. మంచం మీద కూర్చున్నాడు. బాత్రూమ్ తలుపు వెనక ఈమె తడిబట్టలతో రెండు గంటలు నిలబడింది. అతను వెళ్లిపోయాడు. రెండు రోజులాగి మళ్లీ వచ్చాడు. మొగుడికి చెబితే గొడవవుతుంది, గొడవైతే ఆ గది పోతుంది, అది పోతే వీధే గతి. అందుకని చెప్పలేదు. అక్కడున్నన్నాళ్లూ పగలంతా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి దాని మీదే కూర్చుంది.

"అందుకే నేర్పాను అమ్మా. అన్నయ్య ఉన్నాడని చెప్పమన్నది నేనే. ఎవరికీ చెప్పొద్దన్నది నేనే. నేనూ నీలాగే హోటల్లో పనిచేసేదాన్ని. మా దగ్గర రెండ్రోజులు బోర్డు తియ్యకపోతే మేమే తలుపు తీసి చూస్తాం. నా కూతురు గదికి ఆ బోర్డు తగిలించి ఎన్నాళ్లయింది? ఒక్కసారి చూసి చెప్పు తల్లీ."

ఏడేళ్లుగా రోజూ ఆమెతో కలిసి బస్సెక్కినదాన్ని. ఆ కుర్చీ మీద ఎన్ని జోకులు వేశానో లెక్కలేదు. నేను తల ఎత్తలేకపోయాను.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "తొమ్మిది రోజులు మేడమ్," అంది ఆ అమ్మాయి. మేనేజర్ని, సెక్యూరిటీ గార్డును పిలిచి, ఫోన్ పట్టుకుని పైకి పరుగెత్తింది. మెట్ల మీద వాళ్ల అడుగులు మాకు వినిపించాయి.

తలుపు కొట్టారు. పలకలేదు. తాళం తీశారు. తలుపు నాలుగు వేళ్లంత తెరుచుకుని ఆగిపోయింది. లోపల గొలుసు, దాని వెనక కుర్చీ.

అప్పుడు లోపలి నుంచి పీలగా ఒక గొంతు ఇంగ్లీషులో అంది, "మా అన్నయ్య పడుకున్నాడు. తర్వాత రండి."

ఏసుకుమారి కేక పెట్టింది. "తబితా! నేనమ్మా! మమ్మీని! తలుపు తియ్యి బంగారం, వోళ్లని నేనే పంపాను. మా తల్లివి కదూ, తియ్యమ్మా!"

రిసెప్షన్ అమ్మాయి ఫోన్‌ను తలుపు సందులో పెట్టినట్టుంది, ఈమె ఏడుపు అక్కడి గదిలో మోగి మళ్లీ మాకే వినిపించింది. లోపల నేల మీద ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు. ఆగి, ఆగి, మళ్లీ ఈడుస్తున్నారు. కదిలే శక్తి లేని పిల్ల బల్లను కూడా లాక్కొచ్చి తలుపుకు అడ్డం పెడుతోంది.

"పగలగొట్టండి!" అంది ఏసుకుమారి. తలుపు పాడైతే పూచీ ఎవరిదని మేనేజర్ ఇంకా ఏదో నసుగుతున్నాడు. "పగలగొట్టండయ్యా, నా ప్రాణం పోతంది!" అని ఆమె తెలుగులోనే అరిచింది. వాళ్లకు ఏమర్థమైందో గానీ ఇనుప చప్పుడైంది, గొలుసు తెగింది, అందరూ ఒక్కసారే మాట్లాడారు, ఫోన్ ఆగిపోయింది.

డెంగీయే. ఆసుపత్రికి చేర్చేసరికి రక్తపోటు అందడం లేదట. ఇంకో పూట ఆలస్యమై ఉంటే, అని డాక్టర్ మాట మధ్యలో ఆపేశాడు. ఆ రెండు రోజులూ ఏసుకుమారి తినలేదు, పడుకోలేదు, పౌలురాజు ముఖంలోకి చూడలేకపోయింది. ఆ రిసెప్షన్ అమ్మాయే డ్యూటీ అయ్యాక ఆసుపత్రికి వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది. పౌలురాజుకు టికెట్ దొరికి గురువారం బయలుదేరాడు. ఏసుకుమారికి జర్మనీలో ఉండటానికిచ్చిన కార్డు గడువు అయిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. దేశం దాటితే తిరిగి రానివ్వరేమోనని ఆగిపోయింది.

అదే గురువారం మధ్యాహ్నం తబితకు తెలివి వచ్చిందని ఫోన్. ఏసుకుమారి పక్కనే నేనున్నాను. తెరమీద ఆ పిల్ల ముఖం చూసి నేను గుర్తుపట్టలేదు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నర్సు వద్దంటున్నా మాట్లాడుతోంది, ఏదో చెప్పేయాలన్న ఆత్రం.

"మమ్మీ, ఎవరో వచ్చి తలుపు బాదారు. తాళం కూడా తీసేశారు. నీ గొంతు పెట్టారు మమ్మీ. అచ్చం నువ్వే ఏడుస్తున్నట్టుంది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "అయినా నేను తియ్యలేదు."

ఏసుకుమారి నా చెయ్యి దొరకబుచ్చుకుంది, గోళ్లు దిగేటంత గట్టిగా పట్టుకుంది.

"మంచి పని చేశావు బంగారం," అంది.