సముద్రాన్ని చూసే మనిషి

స్పెయిన్‌లోని మా గలీసియా తీరంలో పెర్సెబెలు కోయడానికి ఎవరూ ఒంటరిగా దిగరు. అలలు విరిగిపడే చోటే రాతిని కరుచుకుని పెరిగే, తినడానికి మంచి ధర పలికే జీవాలవి. ఒకరు వంగి కోస్తుంటే ఇంకొకరు పైరాతి మీద నిలబడి సముద్రాన్నే చూడాలి, పెద్ద అల లేస్తే కేకేయాలి. చూసేది దోసిందా, కోసేది ఆమె చెల్లెలు సబేలా. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ వాళ్ళది అదే జంట. తుమ్మొచ్చినా దోసిందా కళ్ళు మూయదని మేం వేళాకోళం చేసేవాళ్ళం.

మొన్న మార్చిలో ఒక పట్నం జంట కంచె దాటి, నాచు పట్టిన రాతి అంచుకు దిగింది. ప్రమాదమని రాసిన బోర్డు పక్కనుంచే దిగారు. చదవడం రాక కాదు, పొగరు. ఫోను పట్టిన చెయ్యి చాచి, సముద్రానికి వీపు పెట్టి పళ్ళికిలించారు.

"ఒరేయ్ అబ్బాయ్! పైకెక్కండ్రా, చస్తారు!" అని పక్క రాతి మీద సబేలాకు కాపలా నిలబడ్డ దోసిందా అరిచింది.

"ఒక్క నిమిషం ఆంటీ! పెద్ద అల రానీ, వెనకాల బాగా పడాలి!"

"నీ ఫోటో తగలెయ్య! ఆ పిల్లనన్నా పైకి పంపరా!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇంతలో ఆ పిల్ల కాలు జారింది. "పట్టుకో, రాయి పట్టుకో!" అంటూ దోసిందా పూర్తిగా అటు తిరిగింది. వాళ్ళు కోరుకున్న అల అప్పుడే వచ్చింది. వాళ్ళను మోకాళ్ళదాకా తడిపి వదిలేసింది. కింద వంగి ఉన్న సబేలాను తీసుకుపోయింది.

ఆ వెధవలు ఆ ఫోటోను అదే రోజు లోకానికి చూపించుకున్నారు. "చావు అంచుదాకా వెళ్ళొచ్చాం" అని రాశారట! ఎవరి చావురా? నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతకంటే మండించింది మా ఊరు. ఫోటోలో వాళ్ళ వెనక దోసిందా ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. అది సముద్రం వైపు లేదు. చర్చి గుమ్మంలో ఆ ఫోటో చేతులు మారింది. "చూడండమ్మా, కళ్ళు ఎటు పెట్టిందో!" అన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు.

"కళ్ళముందు పిల్ల జారుతుంటే మీరు చూడకుండా ఉంటారా?" అని గట్టిగానే అడిగాను. అయినా ఈసారి జంటలు కట్టేటప్పుడు దోసిందాను ఎవరూ పిలవలేదు.

నేను వెళ్ళి పిలిచాను. "నాకు నువ్వే చూడాలి అక్కా" అన్నాను.

"వద్దే ఎరుందినా," అంది. "మళ్ళీ ఓ పిల్ల జారితే నేను మళ్ళీ అటే చూస్తాను. అప్పుడు కింద నువ్వుంటావు."