దానంతటదే గారి ఆఖరి షీటు

“లేదన్నాను తమ్ముడూ. లోపల పెట్టుకుని లేదన్నాను. నలభై ఏళ్ళలో ఈ కౌంటర్ మీంచి ఇంత పచ్చి అబద్ధం ఆడటం ఇదే మొదలు.”

మందుల షాపాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో శుభ్రపడింది. స్టూలు మీద కూర్చున్న గడియారాల మెకానిక్ తొందరపెట్టలేదు. మధ్యాహ్నం తన కొట్టుకి తెర దించి, రోడ్డు దాటి ఇక్కడికొచ్చి కూర్చోవడం ఆయనకు పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఆగినదాన్ని కుదపకుండా కాసేపు చూడాలని ఆయనకు గడియారాలే నేర్పాయి.

“ఎవరితో అన్నావన్నా?”

“కుట్టుమిషను ఆవిడతో. కూతురి మూర్ఛ మాత్రలకి వచ్చింది. లేవమ్మా అన్నాను. మీ దగ్గరే లేవంటే ఇంకెక్కడా లేనట్టే అంది. నాలుగు తిట్టినా బావుండేది. ఇంకో షాపు మెట్టు కూడా ఎక్కకుండా నేరుగా ఇంటికే పోయింది.”

వీధిలో ఆయన్ని దానంతటదే గారు అంటారు. మందుల ధరల మీద ఎవరు గోల పెట్టినా, “వదిలెయ్యండి, దానంతటదే దిగొస్తుంది” అనేవాడు. పుస్తకంలో చదివి అన్న మాట కాదది. పదమూడో ఏట పెద్ద షాపులో సీసాల దుమ్ము తుడిచే పనిలో చేరినప్పుడు, కడుపు మంటకి ఒకే కంపెనీ మాత్ర ఉండేది, బంగారంలా అమ్మేవారు. పదేళ్ళు తిరిగేసరికి ఇరవై కంపెనీలు అదే మాత్ర చేశాయి. ఏ మంత్రీ సంతకం పెట్టకుండానే టీ ఖరీదుకి దిగింది. కళ్ళారా చూసినవాడికి నమ్మకం కుదరక ఏమవుతుంది?

“మరి గడియారాలు కూడా దిగొచ్చి దిగొచ్చి, బాగుచేయించుకోవడం కంటే కొత్తది కొనడమే నయమైపోయింది. నా పొట్ట సంగతేంటన్నా?” అని మెకానిక్ ఎన్నిసార్లు ఉడికించాడో.

“అదీ మార్కెట్టే తమ్ముడూ. నీకోసం ఊరంతా టైము తప్పు చూసుకోవాలా?” అని నవ్వేవాడు.

ఆ దుమ్ము తుడిచే పనికి కుదిరింది కూడా అక్క కోసమే. తనకంటే రెండేళ్ళు పెద్దది. పదకొండో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చి పడింది. మందుల షాపులో పనిచేస్తే మందు దొరుకుతుందని చిన్నప్పటి లెక్క. పెళ్ళి మాట రెండిళ్ళలో అనుకుని ఆగిపోయాక, అక్క తమ్ముడింట్లోనే ఉండిపోయింది. ఒక్క పాత మాత్ర ఆమెకు సరిపడింది. ఒకసారి డాక్టరు వేరేది మారిస్తే వంటింట్లో పడి ముందు పళ్ళు రెండు పోగొట్టుకుంది. మళ్ళీ పాతదానికే వచ్చారు.

ఆ మాత్ర వేసుకునేవాళ్ళు తగ్గిపోయారు. చేసే కంపెనీలు ఒక్కొక్కటే మానేసి ఒక్కటి మిగిలింది. మిగిలినది ఏం చేస్తుంది, ధర నాలుగింతలు చేసింది. ఈయన కంగారుపడలేదు. లాభం కనబడితే ఇంకొకడు దిగుతాడు, ఆగండి అన్నాడు. రెండేళ్ళు ఆగారు. ఎవడూ దిగలేదు. కొత్తగా మొదలుపెట్టాలంటే అనుమతులకే మూడేళ్ళట, కొనేవాళ్ళేమో గుప్పెడు మంది.

అప్పుడు కుట్టుమిషను ఆవిడ అర్జీ పట్టుకుని వచ్చింది. ధరకి హద్దు పెట్టమని. “మీ అక్కది కూడా ఇదే మాత్ర కదండీ” అంది.

“సంతకం పెట్టాను. వీధిలో అందరికంటే కింద, స్టాంపు వేసి మరీ పెట్టాను. కంపెనీవాడికి గిట్టుబాటు కాదు, మానేస్తాడు అని లోపల మొత్తుకుంటూనే. కానీ ఆవిడ కూతురు గుమ్మంలో నిలబడి ఉంది, ఏం చెప్పను?”

సర్కారు ధర తగ్గించింది. వీధంతా సంతోషించారు. కంపెనీ ఆర్నెల్లలో ఆ మాత్ర చేయడమే మానేసింది.

“అయితే నువ్వు చెప్పిందే నిజమైంది కదన్నా” అన్నాడు మెకానిక్, ఓదార్పుగా.

“ఏది నిజమైంది? వదిలేస్తే అందలేదు, పట్టుకుంటే పోయింది. నా మాట గెలిచినా ఒకటే, ఓడినా ఒకటే. అక్క మింగేది నా మాటని కాదు కదా.”

ఫ్రిజ్ తెరిచి, ఇన్సులిన్ డబ్బాల వెనక నుంచి మిగిలిన ఒక్క షీటు తీశాడు. వరుసకి మూడు చొప్పున అయిదు వరుసలు. పదిహేను మాత్రలు. పాతది ఒక్కసారిగా ఆపకూడదు, సగాలు చేసుకుంటూ నెలరోజులు తగ్గించి కొత్తదానికి మారాలని డాక్టరు రాసిచ్చాడు. దానికి సరిగ్గా పదిహేను కావాలి. కుట్టుమిషను ఆవిడ కూతురికీ అదే డాక్టరు, అదే చీటీ.

కత్తెర తీసుకున్నాడు. షీటు ఎప్పుడు కత్తిరించినా పేరు, తేదీ ఉన్న కొస షాపులోనే ఉంచి, ఉత్త కొస నుంచి ఇవ్వడం ఆయన పద్ధతి. ఇవాళ పేరున్న కొస వైపు తిప్పాడు. రెండో వరుస దగ్గర కత్తెర ఆనించి ఆగాడు. తీసి, మూడో వరుస కింద పెట్టి కత్తిరించాడు.

“అక్కకి ఆరేనా?” అన్నాడు మెకానిక్.

ఆయన ఉత్త కొసని ఫ్రిజ్‌లో పెట్టేశాడు. తొమ్మిది మాత్రల ముక్కని కవర్లో వేసి, నోరు మడిచి, పిన్ను కొట్టాడు. ఆ పిన్ను వంకరపోతే తీసి ఇంకొకటి కొట్టాడు.

“నీ కాళ్ళకి పని చెప్తాను, ఏమీ అనుకోకు. ఇది ఆవిడకి ఇచ్చి రా తమ్ముడూ. పొద్దున నా దగ్గరే ఉందని, లేదన్నది అబద్ధమని చెప్పు. పేరున్న ముక్క ఇచ్చాడు, పక్క ఊళ్ళో షాపుల్లో చూపించి అడగమన్నాడని చెప్పు. ఇంకొకటి. డాక్టరు రాసినదానికి ఇవి చాలవని కూడా చెప్పు. చాలుతాయేమో అనుకుంటుంది. అది మాత్రం చెప్పకుండా రాకు.”