కరెక్షన్ వేయని మ్యాపు

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, బొగ్గు మోసే ఓడలో ఏబీగా పనిచేస్తున్నాను. ఏబీ అంటే డెక్కు మీది అనుభవమున్న కలాసీ. చుక్కాని పట్టాలి, తాళ్లు చూడాలి, లంగరు ఎత్తేటప్పుడు ఓడ ముక్కు దగ్గర నిలబడాలి. వీటికి తోడు ఆదివారాలు సెకండ్ ఆఫీసరుకు చార్టుల దిద్దుబాటులో సాయం చేసేవాణ్ణి. సముద్రపు మ్యాపునే చార్టు అంటారు. ఎక్కడో ఒక దీపం ఆరిపోయినా, ఇసుక మేట జరిగినా వారం వారం కబురు వస్తుంది. దాన్ని ఊదారంగు సిరాతో చార్టు మీద ఎక్కించి, కింద తేదీ వేయాలి. కరెక్షన్ పడని చార్టును బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, పరవనివ్వరు.

ఇంధనం కోసం ఓడ ఒక పగలు సింగపూర్ ముందు లంగరు వేసింది. ఆరుగురికి ఒడ్డుకు దిగే అనుమతి దొరికింది. సాయంత్రం నాలుగింటికి రేవు నుంచి లాంచీ బయలుదేరుతుంది, ఆరింటికి ఓడ లంగరు ఎత్తుతుంది. షరతు అంతే.

ప్రపంచమంతా చూశావు కదా అని మా ఊరు సారపాకలో నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఓడ మనిషి ప్రపంచం చూస్తాడన్నది ఒడ్డున ఉన్నవాళ్ల భ్రమ. ఆ రోజు దిగినవాళ్లలో నలుగురు నేరుగా నావికుల క్లబ్బుకు పోయి, ఉచిత వైఫై దగ్గర కుర్చీలు పట్టుకుని, సాయంత్రం దాకా ఫోనులోంచి తల ఎత్తలేదు. సింగపూర్ చూసొచ్చామని వాళ్లూ ఇళ్లలో చెప్పుకునే ఉంటారు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

మా నాన్న కాగితం మిల్లులో వెదురు దింపే కాంట్రాక్టు కూలీ. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా వంతెన దాటి వెళ్లి భద్రాచలం గ్రంథాలయంలో చదువుకున్నదే. ఏ రేవుకు పోబోతున్నా ఆ ఊరి గురించి దొరికినంత చదివి నోట్సు రాసుకునేవాణ్ణి. సింగపూర్ మీద అక్కడ ఒక లావుపాటి పుస్తకం ఉండేది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. మధ్యలో మడతపెట్టిన మ్యాపు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని వీధి వీధిగా నోట్సులోకి దించుకున్నాను.

నా వెంట వచ్చినవాడు జాన్, మా సెకండ్ కుక్. ఇల్లందు మనిషి. పన్నెండేళ్లుగా ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. ఈ ట్రిప్పు చివర కెప్టెన్ రిపోర్టులో సిఫారసు పడితే చీఫ్ కుక్ అవుతాడు. పడుతుందన్న నమ్మకంతో మంచి కత్తి ఒకటి కొనుక్కోవాలని బయలుదేరాడు.

ఒడ్డున మా ఓడ పనులు చూసే ఏజెంటు వ్యాను రేవు దగ్గర ఎక్కించుకుని మమ్మల్ని భారతీయుల వీధుల్లో దింపింది. దారిలో నేను కిటికీలోంచి చూడలేదు, నోట్సు చదువుకుంటున్నాను. జాన్ కత్తి కొని న్యూస్‌పేపరులో చుట్టించుకున్నాడు. ఆ తర్వాత ఊరు చూపించడం నా వంతు. ఇక్కడ చేపల అంగడి అన్నాను. అద్దాల మాల్ ఉంది. ఇక్కడ పడవలవాళ్ల ఇళ్లు అన్నాను, బ్యాంకు ఉంది.

"అన్నా, నువ్వు జెప్పింది ఒక్కటి గూడ కనవడ్తలేదేందే?" అన్నాడు జాన్.

డబ్బు మదం ఎక్కి ఊరు తన చరిత్రను తానే ఊడ్చేసుకుందని ఒక ఉపన్యాసం ఇచ్చాను. తప్పు ఊరిది కాదు, నా నోట్సుదే కావచ్చునని తోచనే లేదు.

మూడు దాటింది. "టాక్సీ ఎక్కుదాం అన్నా, జల్దీ పోతం" అన్నాడు జాన్. అరగంట నడకకు టాక్సీ ఎందుకన్నాను. మ్యాపు ప్రకారం వీధి చివర సముద్రం, ఒడ్డు వెంట కుడికి తిరిగితే రేవు. వీధి చివరికి వచ్చాం. సముద్రం లేదు. పెద్ద రోడ్డు, దాని అవతల మేడలు. ఆ మేడలు దాటితే మరో రోడ్డు, మరో వరస మేడలు. టైము నాలుగుకు ఇరవై తక్కువ.

జాన్ ఆగి ముక్కు ఎగబీల్చాడు. "అన్నా, ఉప్పు వాసన గూడ వస్తలేదు. గీడ సముద్రం లేదే. నా రిపోర్టు గంగల కలిసె!"

పక్కన రోడ్డు తవ్వుతున్న కూలీల్లో ఒకడు హెల్మెట్ ఎత్తి చూశాడు. "ఏ ఊరన్నా మీది?" నిజామాబాద్ వైపు మనిషి. నేను నోట్సు తెరిచి సముద్రం ఎక్కడుందని అడిగాను. అతను మ్యాపును ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"గీ జాగంత ఎన్కట సముద్రమేనటనే. మట్టి వోసి పూడ్చిండ్రు. నువ్వు నిలవడ్డది నీళ్ల మీదనే. గా పుస్తకం బంద్ జేసి టాక్సీ ఎక్కు."

ఎక్కాం. మేం పొద్దున దిగిన రేవు నా మ్యాపులో అసలు లేనే లేదు. అది కూడా పూడ్చిన నేల మీద కట్టిందే. వెళ్లేసరికి నాలుగూ ఇరవై. లాంచీ పోయింది. వైఫై నలుగురూ దాంట్లో సరిగ్గా వేళకు పోయారు. ఏజెంటు తిట్టి తిట్టి, సరుకులు మోసే పడవలో మమ్మల్ని ఎక్కించాడు. ఓడ చేరేసరికి ఆరు దాటింది. ఓడను రేవు దాటించడానికి వచ్చిన పైలట్ బ్రిడ్జి మీద టీ తాగుతూ మా కోసం ఎదురుచూస్తున్నాడు.

తప్పంతా నాదేనని కెప్టెన్‌కు చెప్పి నోట్సు ముందు పెట్టాను. ఆయన రెండు పేజీలు తిప్పి, దీనికి చివరి కరెక్షన్ ఎప్పుడు పడిందని అడిగాడు. ప్రతి ఆదివారం ఊదారంగు సిరా పట్టుకునే చేయి నాది. ఆలస్యం చేసినవాళ్లుగా ఇద్దరి పేర్లూ లాగ్‌బుక్కులో ఎక్కాయి. టాక్సీ ఎక్కుదామని ముందే అన్నాడని చెప్పి, జాన్‌ను వదిలేయమని బతిమాలాను. తప్పుదారి అని తెలిసి కూడా పెద్దవాడన్న మొహమాటంతో వెంట నడిచినవాడికి వంటగది ఎలా అప్పగించనన్నాడు కెప్టెన్. సిఫారసు పడలేదు. కొత్త కత్తితో జాన్ ఇంకో రెండేళ్లు ఉల్లిగడ్డలే తరిగాడు.

ఇప్పుడు గ్రంథాలయంలో ఏ పుస్తకం తీసినా ముందు అచ్చయిన సంవత్సరం చూస్తాను. ఆ పేజీ లేకపోతే, పుస్తకం ఎంత లావుదైనా, దాన్ని నమ్మి ఇంకొకరికి దారి చెప్పను.